తొడకంటుకున్న పట్టీ

సైలా నవ్వితే విర్పికి ఒళ్ళు మండేది.

పోనీ అదేమన్నా ఎగతాళి నవ్వా అంటే కాదు. కాఫీ పోస్తూ నవ్వేది, తాడు విప్పి పడవని నీళ్ళలోకి తోస్తూ నవ్వేది, చర్చి పాటల బృందంలో శ్రుతి తప్పితే తన మీద తనే నవ్వుకునేది. రేవులో సైలా నడిపే కాఫీ హోటలు ముందు నుంచి కారులో పోతుంటే ఆ నవ్వు అద్దాలు దాటుకుని మరీ లోపలికి వస్తోందని విర్పికి ఒక భ్రమ. అక్కడికి రాగానే కారు వేగం పెంచేది.

ఆ మంట ఊరికే పుట్టింది కాదు. ఇద్దరికీ కిడ్నీలు పోయాయి. ఇద్దరూ ఒకే శీతాకాలంలో, పట్నం ఆసుపత్రిలో, ఒకే గదిలో, ఒకే నర్సు ముందు కూర్చుని తమ చేతికి తామే సూదులు గుచ్చుకోవడం నేర్చుకున్నారు. ఒకే రకం డయాలసిస్ యంత్రాలు ఒకే లారీలో వచ్చి, ఒకటి సరస్సుకి ఇటు విర్పి ఇంట్లో, ఇంకోటి అటు సైలా ఇంట్లో దిగాయి. వయసులో సైలా ఏడాది పెద్ద, అంతే. ఇద్దరూ ఉప్పు తగ్గించిన తిండే తింటారు, బంగాళాదుంపల్ని నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి మరీ ఉడకబెట్టుకుంటారు, కాఫీని గుటకలుగా కొలుచుకుని తాగుతారు. అన్నీ ఒకటే అయినప్పుడు నవ్వంతా అటెందుకు పోయింది, ఏడుపంతా ఇటెందుకు వచ్చింది? ఒకే పిండి రెండు పెనాల మీద పోస్తే ఒకటి చక్కగా లేచి, రెండోది మాడి అంటుకుపోతే వండేవాళ్ళకి ఎలా ఉంటుందో విర్పికి అలా ఉండేది.

అంతకన్నా మండే సంగతి ఇంకోటుంది. మొదటి ఏడాది ఏడ్చింది సైలాయే. తలుపు తీసేది కాదు, కర్టెన్లు జరిపేది కాదు, రేవు హోటలుకి తాళం వేసేసింది. అప్పుడు చేపల సూపు గిన్నెలో పోసుకుని, మంచులో నడిచి వెళ్ళి, ఆ గడప దగ్గర పెట్టి వచ్చింది విర్పే. అప్పట్లో సైలా మీద జాలిపడటం ఎంత సుఖంగా ఉండేదో! తరవాత వసంతం వచ్చింది, సరస్సు మీద మంచు కరిగింది, సైలా తేరుకుంది. ఎలా తేరుకున్నావే అని అడిగితే "ఏమో, తేలికైందే" అని ఊరుకుంది. గిన్నెని మాత్రం కడిగి తిరిగిచ్చింది. ఆ వేసవిలోనే విర్పి కిందికి జారడం మొదలుపెట్టింది.

విర్పి అంటే తక్కువ మనిషి కాదు. పల్లె పల్లెకీ పుస్తకాలు మోసుకెళ్ళే లైబ్రరీ బస్సుని మంచులోనూ మట్టిలోనూ ఏళ్ళ తరబడి నడిపిన మనిషి. సూదుల్ని చూసి జడిసే రకమూ కాదు. అలాంటిది ఆగస్టులో బస్సు తాళాలు తిరిగిచ్చేసింది. తెల్లవారకముందే నిద్ర తెగిపోయేది. అంబలి గిన్నె ముందు కూర్చుంటే కారణం లేకుండా కళ్ళ వెంట నీళ్ళు కారేవి. ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిర్లు, మరుక్షణం వణుకు. నెలసరి ఆగిపోయి అప్పటికి చాలా కాలమైంది. కిడ్నీలు చెడ్డప్పటి నుంచీ అది సరిగ్గా వచ్చింది లేదు గనక ఆమె దాన్ని లెక్కచేయలేదు. కిడ్నీల డాక్టర్లు కిడ్నీల గురించే అడిగారు.

"అక్టోబరు కదా!" అనేవాళ్ళు అందరూ. మా సరస్సు వైపు మనిషి దిగులుగా ఉంటే అదే రోగమూ, అదే మందూ. చీకటి కాలం వచ్చింది, తెల్లటి దీపం ముందు కాసేపు కూర్చో, మార్చికల్లా అదే పోతుంది. భర్త యార్కో ఆ దీపం కొనుక్కొచ్చి అంబలి గిన్నె పక్కన పెట్టాడు. విర్పి దాని ముందు కూర్చుని, బాగా వెలుతురులో ఏడ్చేది. జూన్‌లో, రాత్రనేదే లేకుండా ఊరంతా వెలుగులో మునిగి ఉన్నప్పుడు కూడా ఏడ్చానని ఆమె ఎవరికీ చెప్పలేదు. జూన్‌లో ఏడ్చేవాళ్ళకి మా వైపు సాకు దొరకదు.

ఆసుపత్రి నుంచి నర్సు రీత్తా ఫోన్ చేసేది.

"ఎలా ఉన్నారు విర్పి గారూ?"

"ఏముంది, మామూలే."

"ఈసారి మీ రక్తం రిపోర్టులు నాకు నచ్చలేదండీ. టైము అవకముందే మెషీన్ దిగిపోతున్నారా?"

"లేదే."

"ఏదైనా ఉంటే చెప్పండి. మీ ఇష్టానికి వదిలేస్తే మీకే ప్రమాదం. ఇలాగే ఉంటే మాత్రం మిమ్మల్ని మళ్ళీ ఇక్కడి డయాలసిస్ కుర్చీలోకి రమ్మనాల్సి వస్తుంది. వచ్చే గురువారం నేనే వచ్చి చూస్తాను."

రీత్తా అనుమానం నిజమే. యార్కో కట్టెలు కొట్టడానికి పెరట్లోకి వెళ్ళగానే విర్పి యంత్రం ఆపేసి సూదులు తీసేసుకునేది. మొదట్లో కాస్త ముందు, ఆ తరవాత ఇంకాస్త ముందు. ఎందుకంటే ఆమెకే తెలియదు. ఇదంతా ఎవరి కోసం అనిపించేది. ఒక రోజు అసలు ఎక్కకుండా ఉంటే? ఆ తరవాత రోజు కూడా? అలా నిశ్శబ్దంగా అయిపోతుంది కదా అనే ఆలోచన, కిటికీ దగ్గరికి వచ్చే పిట్టలా, రోజూ అదే వేళకి వచ్చి వాలేది. పట్నంలో ఆ కుర్చీలోకి, టాక్సీలో పోయి రావడంలోకి, ఎవరో గుచ్చే సూదుల్లోకి మళ్ళీ వెళ్ళడం కన్నా ఆ ఆలోచనే ఆమెకి నయంగా కనిపించేది. అందుకే గురువారమంటే భయం.

ఇక యార్కో సంగతి. అతను పొగగొట్టాలు దులిపేవాడు. ఏడాదికోసారి ప్రతి ఇంటి కప్పూ ఎక్కుతాడు, ప్రతి వంటింట్లో కాఫీ తాగుతాడు. మసి కొట్టుకుపోయిన ఆ మొహంలో పళ్ళు మాత్రమే కనపడతాయి. ఊళ్ళో ఆడవాళ్ళు అతని మీద వేసే జోకులకి అంతూ పొంతూ లేదు, ఒకప్పుడు అందరికన్నా ముందు నవ్వేది విర్పే. ఇప్పుడు అతను ఇంటికి ఆలస్యంగా వస్తే ఎవరి కప్పు మీద ఉన్నాడా అని లెక్కలు వేసేది. ఆ శుక్రవారం అతను ఉన్నది సైలా ఆవిరిస్నానాల గది కప్పు మీద, సౌనా కప్పు మీద.

సాయంత్రం తిరిగొచ్చాడు. మసి లేదు. నున్నగా, ఎర్రగా, తడిజుట్టు దువ్వుకుని, సైలా సబ్బు వాసనతో వచ్చాడు.

"స్నానం చేసొచ్చావే!" అంది విర్పి.

"గొట్టం పొగని సరిగ్గా లాగుతోందో లేదో చూడాలంటే పొయ్యి రాజెయ్యాలి కదా. రాజేశాక వేడి వేస్టవుతుందని సైలా స్నానం చేసెళ్ళమంది. ముందు తను చేసింది, తరవాత నేను." యార్కో ప్యాంటు మార్చుకోవడానికి పడగ్గదిలోకి వెళ్తూ అన్నాడు. "రా, నిన్ను మెషీన్‌కి ఎక్కించేసి కట్టెల పని చూసుకుంటా."

విర్పి అతని వెనకే వెళ్ళింది. ప్యాంటు జార్చి, అటు తిరిగి, సొరుగులో వెతుక్కుంటున్నాడు. ఎడం తొడ వెనకాల, పైన, ఏదో తళుక్కుమంది. పోస్టు స్టాంపు కన్నా కాస్త పెద్దది, గాజులా పారదర్శకంగా ఉంది.

"కదలకు."

"ఏంటే?"

"కదలకన్నానా!"

గోటితో అంచు పట్టి ఒక్క లాగు లాగింది. వెంట్రుకలతో సహా ఊడొచ్చింది. యార్కో కేక పెట్టి మంచం మీద పడ్డాడు.

"చంపేశావ్! ఏంటది, పిడుదా?"

విర్పి కళ్ళజోడు పెట్టుకుంది. పట్టీల గురించి ఆమెకి ఎవరూ చెప్పనక్కరలేదు. సూదుల మీద వేసే పట్టీ, సూదులు తీశాక వేసే పట్టీ, చర్మం దద్దురెక్కితే వేసే పట్టీ, అన్నీ చూసిన మనిషి. ఇది వాటిల్లో ఏదీ కాదు. మధ్యలో సన్నని అక్షరాలతో మందు పేరుంది. ఈస్ట్రడయాల్.

"ఏంటో ఆ మందు?" అన్నాడు యార్కో తొడ రుద్దుకుంటూ.

"ఆడవాళ్ళ హార్మోను. ఎప్పట్నుంచి వాడుతున్నావు?"

"నేనా! నాకేం తెలుసు? సైలా సౌనాలో ఎక్కడో అంటుకుని ఉంటుంది."

"సైలా సౌనాలో. నీ తొడకి."

"బట్టలు మార్చుకునే గదిలో బెంచీ మీద కూర్చున్నా. ఒళ్ళు తుడుచుకుని, కాస్త చల్లబడదామని."

"కింద బట్ట వేసుకోకుండానా?"

యార్కో ప్యాంటు కోసం అటూ ఇటూ చూశాడు.

"అడుగుతున్నా. కింద బట్ట వేసుకున్నావా లేదా?"

"మర్చిపోయానే."

సౌనాలో ఒంటి మీద ఏమీ లేకపోవడం తప్పు కాదు, ఒంటి మీద ఏమన్నా ఉంటేనే తప్పు. కానీ ఎవరి కూర్చునే బట్ట వాళ్ళు తెచ్చుకుని, కింద పరుచుకుని కూర్చోవాలి. పసిపిల్లలకి కూడా తెలిసిన మర్యాద అది. పరాయి ఆడదాని బెంచీ మీద బట్ట లేకుండా కూర్చున్నాడంటే ఆ ఇంట్లో అతనికి ఎంత చనువు! పట్టీ సంగతి కూడా ఇప్పుడు అర్థమైపోయింది. ఆ నవ్వు ఎక్కడిదో, ఆ మెరుపు ఎక్కడిదో! వయసు వెనక్కి తిప్పుకుంటోందన్నమాట మహాతల్లి. ఎవరి కోసం తిప్పుకుంటోంది?

"వెళ్ళు. నీ కట్టెలు కొట్టుకో," అంది.

"సూదులో?"

"నాకు చేతులున్నాయి."

చేతులున్నాయి గానీ కోపం కూడా ఉంది. రెండో సూది పక్కకి పోయింది, రక్తం మోచేతి మీదుగా కారింది. యార్కో ఎటూ పోలేదు, ఏమీ మాట్లాడకుండా వచ్చి దూది ఒత్తిపట్టాడు. చెయ్యి విదిలించుకోవాలనుంది, కానీ విదిలించుకుంటే ఇల్లంతా రక్తమే. ఆ అవమానం కూడా సైలా ఖాతాలోనే వేసుకుంది. తరవాత యంత్రం గుర్రుమంటూ తిరుగుతుంటే పట్టీని కాఫీ సాసర్ మీద అంటించి, ఎదురుగా పెట్టుకుని, దానితోనే వాదిస్తూ కూర్చుంది. వాదనలో పడి టైము చూసుకోలేదు. చాలా వారాల తరవాత మొదటిసారి యంత్రం తనంతట తాను గంట కొట్టేదాకా కదల్లేదు.

మర్నాడు పొద్దున్నే సాసర్‌ని పక్క సీట్లో పెట్టుకుని సరస్సు చుట్టూ కారు తోలింది. మలుపుల్లో సాసర్ జారితే ఒక చేత్తో పట్టుకుంది. దారంతా అనాల్సినవి కూర్చుకుంది. 'నా ఇంటి సూపు తాగి...' అని మొదలుపెట్టాలి. మధ్యలో 'సిగ్గులేదూ' రావాలి. ఏడవకూడదు, అది మాత్రం ఖాయం.

తలుపు తోసి లోపలికి వెళ్ళింది. "సైలా!" అని అరిచింది. లోపలి గది నుంచి మాట రాలేదు, ఒక మూలుగు వచ్చింది.

సైలా యంత్రానికి ఎక్కి ఉంది. రెండు సూదులూ చేతిలో ఉన్నాయి, గొట్టాల్లో రక్తం తిరుగుతోంది. మొహం పాలిపోయింది. ఒక కాలు కుర్చీ మీంచి చాచి గోడకి తన్నిపెట్టి, పళ్ళు బిగించుకుని ఉంది. పిక్క రాయిలా ముడిపడి పైకి లేచింది.

"కాలు పట్టేసిందే..." అంది ఊపిరందక. ఒక చెయ్యి గొట్టాలతో కట్టుబడి ఉంది, రెండో చెయ్యి పిక్క దాకా అందదు.

విర్పి సాసర్‌ని కిటికీ గట్టు మీద పెట్టింది. ఇంకేం ఆలోచించలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, మడమ పట్టుకుని, కాలివేళ్ళని మోకాలి వైపుకి విరిచి, రెండో చేత్తో పిక్కని గట్టిగా నొక్కింది. తన కాలు పట్టేసినప్పుడల్లా యార్కో చేసేది అదే. ముడి వదిలేదాకా అలాగే పట్టుకుంది. సైలా ఊపిరి మెల్లగా దారికొచ్చింది.

"ఎవరూ లేనప్పుడు ఏం చేస్తావే?" అని అడిగింది విర్పి.

"అదిగో." సైలా గడ్డంతో గోడవైపు చూపించింది. కుర్చీకి ఎదురుగా గోడకాగితం మీద పువ్వులు ఒక చోట అరిగిపోయి, తెల్లటి మచ్చ పడి ఉంది. మడమ ఆనే చోటు అది.

విర్పి ఆ మచ్చనే చూస్తూ కూర్చుంది. దారంతా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు. అప్పుడు సైలా కళ్ళు కిటికీ గట్టు మీద పడ్డాయి.

"ఏంటే ఆ సాసరు?"

"నీదే," అంది విర్పి. "నా మొగుడి తొడ మీద దొరికింది."

సైలా మెడ చాచి చూసింది. ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వడం మొదలుపెట్టింది. అదే నవ్వు. గొట్టాలు ఊగాయి, యంత్రం కుయ్‌కుయ్ మంది.

"అయ్యో నా తల్లీ! నిన్నట్నుంచి ఇల్లంతా వెతుకుతున్నానే! కుక్కని కూడా తిరగేసి చూశా. ఆవిరి తగిలితే ఊడిపోతుందని స్నానానికి ముందు తీసి బెంచీ అంచున అంటిస్తా, వచ్చాక మళ్ళీ వేసుకుంటా. నిన్న కాఫీ పెట్టే తొందరలో మర్చిపోయా. ఐతే మీ ఆయన వచ్చి బట్ట వేసుకోకుండా దాని మీద కూర్చున్నాడా? ఛీ ఛీ! మర్యాద తెలీదూ ఆ మనిషికి?"

"నువ్వు నవ్వకు. వయసు తగ్గించుకుంటున్నావు. ఎవరి కోసమే?"

"వయసా!" సైలా నవ్వు ఆగిపోయింది. "అలా అనుకున్నావా? దాని కథ వేరే. కూర్చో."

"కూర్చునే ఉన్నా."

"మొన్న చలికాలం నేనెలా ఉన్నానో చూశావుగా. నువ్వు సూపు తెచ్చేదానివి, నేను తలుపు వెనకాలే నిలబడి నువ్వెళ్ళిపోయేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని. ఒక వారం మెషీన్ ఎక్కడం మానేశా, తెలుసా? ఊరికే కూర్చుని దాన్ని చూసేదాన్ని. ఇక చాలనిపించింది. చివరికి మా అక్క వచ్చి ఈడ్చుకెళ్ళింది. కిడ్నీల డాక్టరు దగ్గరికి కాదు, ఆడవాళ్ళ డాక్టరు దగ్గరికి. ఆవిడ మొదట అడిగిందే, నెలసరి ఎప్పుడు ఆగిపోయిందని. అంతవరకు ఎవరూ అడగలేదే ఆ మాట."

విర్పి సైలా మడమ పట్టుకునే ముందుకి వంగింది.

"మనకి కిడ్నీలు పోతే అది కూడా ముందే ఆగిపోతుందట. ఈస్ట్రోజెన్, అదే ఈ పట్టీలో ఉండేది, పడిపోతుంది. అది పడిపోతే ఒళ్ళు ఆవిర్లెత్తడమే కాదట, తలలో సెరటోనిన్ అని ఒకటుంటుందే, మనసుని నిలబెట్టి ఉంచేది, దాన్ని తయారు చేయించేది, ఉన్నదాన్ని తొందరగా కరిగిపోకుండా చూసేది కూడా ఈ హార్మోనేనట. ఇది చెయ్యి తీసేస్తే అదీ కూలుతుంది. అందరికీ అంత గట్టిగా తగలదంది. నాకు తగిలింది. సూదులు గుచ్చే మన చేతి రక్తనాళంలో గడ్డ కట్టకూడదని ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని, చిన్న డోసులో ఈ పట్టీ ఇచ్చారు. వెంటనే ఏం కాలేదు. వసంతం దాకా పట్టింది. ఒక్క పట్టీతోనే అయిందనీ చెప్పను, వారానికోసారి ఒకావిడతో కూర్చుని మాట్లాడటం కూడా పెట్టారు. కానీ కాళ్ళ కింద నేల తగిలింది."

విర్పి పట్టీ వైపు చూసింది. ఈ నవ్వు అక్కడ ఉందన్నమాట. స్టాంపంత ముక్కలో ఉంది. ఇన్నాళ్ళూ తను ఆ నవ్వుని సైలా గుణంలోనూ, అదృష్టంలోనూ, చివరికి తన మొగుడిలోనూ వెతికింది. ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చింది, ఇది నిన్నటి కోపం కాదు.

"చలికాలం నుంచీ తెలుసు నీకు," అంది. "నేను బస్సు వదిలేశానని విన్నావు. దీపం ముందు కూర్చుంటున్నానని విన్నావు. తెలిసి కూడా నాకు చెప్పలేదు. 'తేలికైందే' అన్నావు!"

సైలా తల తిప్పుకుంది. యంత్రం వైపు చూసింది.

"చెప్పాలనుకున్నా," అంది చివరికి. "ప్రతిసారీ అనుకున్నా. జూలైలో మీ ఇంటికొచ్చా, గుర్తుందా? చెప్పడానికే వచ్చా. నువ్వు మెషీన్ మీదున్నావు. యార్కో కింద కూర్చుని నీ పిక్క నొక్కుతున్నాడు. నువ్వు కళ్ళు మూసుకుని, కాలు అతని చేతిలో పెట్టి, 'అక్కడ కాదు, కింద' అని కసురుతున్నావు. అతను నవ్వుతూ 'చిత్తం' అన్నాడు. నాకు కడుపు రగిలిపోయిందే. దీనికి అన్నీ ఉన్నాయి, నాకు గోడ ఉంది అనుకున్నా. ఈ ఒక్కటైనా నా దగ్గరుండి దీని దగ్గర లేకుండా ఉండనీ అనుకున్నా. వెనక్కి తిరిగి వెళ్ళిపోయా. తరవాత చెప్పడానికి సిగ్గేసింది. రోజులు గడిచేకొద్దీ ఇంకా సిగ్గేసింది."

"నీకు నేనంటే కుళ్ళా?" విర్పి నమ్మలేకపోయింది. "నేనంటేనా?"

"నువ్వంటే కాదు. నీ కాలు పట్టుకునే మనిషి ఉండటమంటే."

"సైలా, నేను మెషీన్ మధ్యలో దిగిపోతున్నా," అంది విర్పి. ఏడవకూడదనుకున్న మాట ఎప్పుడో మర్చిపోయింది. "రోజూ ఇంకాస్త ముందు దిగిపోతున్నా. త్వరలో ఎక్కడం మానేసేదాన్ని. ఇంకో నెల నువ్వు చెప్పకుండా ఉంటే చర్చిలో నా శవం ముందు పాడేదానివి. శ్రుతి తప్పినా నవ్వేదానివి కాదు."

సైలా ఏడ్చింది. సూదులున్న చెయ్యి కదపకుండా, రెండో చేత్తో మొహం కప్పుకుని ఏడ్చింది. విర్పి ఓదార్చలేదు. ఆమె అంత మంచి మనిషేమీ కాదు. కానీ లేచి వెళ్ళిపోనూ లేదు, మడమ మీంచి చెయ్యీ తీయలేదు.

కాసేపటికి సైలా ముక్కు తుడుచుకుని, పక్కనున్న ఫోన్ అందుకుని, "రీత్తాకి చెయ్యి. ఇప్పుడే, నా ముందే. ఇంటికెళ్తే మళ్ళీ 'మామూలే' అంటావు," అంది.

"చెబితే మెషీన్ లాక్కుంటారు."

"లాక్కుంటే లాక్కోనీ. మనిషి మిగులుతుంది."

శనివారమైనా రీత్తా డ్యూటీలోనే ఉంది.

"ఎలా ఉన్నారు విర్పి గారూ?"

నాలుక చివరి దాకా వచ్చిన మామూలు మాటని విర్పి మింగేసింది. "బాగాలేను," అంది. "చాలా కాలంగా బాగాలేను. మెషీన్ దిగిపోతున్నానన్నది నిజమే. బతకాలని లేదనిపిస్తోంది. జూన్‌లో కూడా ఏడ్చాను."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. "చెప్పినందుకు చాలా సంతోషం," అంది రీత్తా. "మీరు ఒంటరిగా లేరు కదా ఇప్పుడు? సరే. ఇవాళే డాక్టరుతో మాట్లాడతాను. కొన్నాళ్ళు ఇక్కడికొచ్చి చేయించుకోవాలి, అది తప్పదు. శిక్ష కాదండీ అది. ఇంకోటి అడుగుతాను, ముందే అడగాల్సింది. మీకు నెలసరి ఎప్పుడు ఆగింది?"

విర్పి సైలా వైపు చూసింది. సైలా కన్నీళ్ళలోనే నవ్వింది.

కొన్ని వారాలు టాక్సీలో పట్నం వెళ్ళి, ఆ కుర్చీలోనే కూర్చుంది విర్పి. ఎవరో గుచ్చిన సూదుల మీద సణిగింది, పక్క కుర్చీ ముసలాయన గురకని తిట్టుకుంది. మొదటివారం యార్కో ఒక్క పూట కూడా పనికి పోకుండా ఆమె వెంట వెళ్ళాడు. ఆడవాళ్ళ డాక్టరూ కిడ్నీల డాక్టరూ మాట్లాడుకున్నారు, పట్టీ వచ్చింది, మాట్లాడే మనిషీ దొరికింది. అద్భుతాలేమీ జరగలేదు. ఆవిర్లు తగ్గాయి, తరవాత నిద్ర కొంచెం పొడుగైంది. సరస్సు గడ్డకట్టాక ఒకరోజు, పొద్దున ఏడవలేదన్న సంగతి మధ్యాహ్నం గిన్నెలు తోముతుంటే గుర్తొచ్చింది. ఏడవడం మర్చిపోయినందుకు కొద్దిగా కంగారు కూడా పడింది. ఆ తరవాత యంత్రం మళ్ళీ ఇంట్లో తిరిగింది, టైము అయ్యేదాకా తిరిగింది.

ఈర్ష్య పోయిందా అంటే పోలేదు. సైలా పాడితే ఇప్పటికీ ఆమె గొంతులో లోపాలు వెతుకుతుంది. కానీ సైలా యంత్రం ఎక్కే పొద్దుల్లో సరస్సు మీద మంచుదారి పట్టి వెళ్ళి, ఎదురుగా కూర్చుని, కాలు పట్టేస్తే పట్టుకుంటోంది. ఇద్దరూ ఒకరినొకరు బాగా తిట్టుకుంటున్నారు. గోడ మీద తెల్లమచ్చ ఇంకా పెద్దదవ్వడం ఆగిపోయింది.

ఫిబ్రవరిలో లైబ్రరీవాళ్ళు పిలిచారు. డ్రైవరుకి జ్వరం, ఒక్క మంగళవారం బస్సు తోలగలవా అని. విర్పి తోలతానంది. సోమవారం సాయంత్రం బూట్లు తుడుచుకుంటుండగా గుర్తొచ్చింది, మంగళవారం పొద్దున్న సైలా యంత్రం ఎక్కే రోజు.

"యార్కో," అంది. "రేపు నువ్వెళ్ళు సైలా దగ్గరికి. దానికి కాలు పట్టేస్తుంది. మడమ పట్టుకుని, వేళ్ళు వెనక్కి విరిచి నొక్కాలి. నాకు చేసినట్టే."

యార్కో చేతిలో కాఫీ కప్పు ఆగిపోయింది. "నేనా? ఆవిడ ఇంటికా? ఒక్కణ్ణీనా?"

"నువ్వే."

"మళ్ళీ నా తొడలు పరీక్ష చెయ్యవు కదా?"

"చేస్తాను."

"పిక్క నొక్కితే కోపం రాదుగా?"

"వస్తుంది. అయినా వెళ్ళు." నిజంగానే కోపం వస్తోంది, ఇప్పుడే వస్తోంది. రేపు బస్సు తోలుతూ ప్రతి మలుపులోనూ వస్తుందని ఆమెకి తెలుసు. అతని చేతుల వైపు చూసింది, ఎంత కడిగినా మసి పోని ఆ గోళ్ళ వైపు చూసింది. లేచి తమ సౌనా తలుపు దగ్గరికి వెళ్ళి, కొక్కేనికి వేలాడుతున్న నీలం చారల బట్ట తీసుకొచ్చి, మడిచి, అతని ఒళ్ళో పడేసింది.

"పని అయ్యాక కాఫీ తాగి వెళ్ళమంటుంది, స్నానం కూడా చెయ్యమంటుంది. చెయ్యి. కూర్చునేటప్పుడు మాత్రం నీ బట్ట నువ్వు వేసుకుని కూర్చో."